పెద్దల వైరాగ్యం చాటున విషాదం

దర్శనం చేసుకొని వెలుపలికి వచ్చిన తరువాత ప్రాకారంలోనో, మెట్లమీదనో క్షణకాలం కూర్చొని లేవడం మన ఆచారం. ఆ క్షణంలో వృద్ధులు పెదవులు కదిలీ కదలకుండా చేసుకునే ప్రార్థన ఒకటి ఉన్నది. బాధపడకుండా పోవాలి, బ్రతికినన్నాళ్లూ ఒకరిముందు చేయి చాచకుండా బ్రతకాలి, కడపటి ఘడియలో స్వామి స్మరణ ఉండాలి. స్థూలంగా ఇవే ఆ కోరికలు. పైకి ఇది మరణాన్ని కోరే ప్రార్థనలాగా తోచినా, బ్రతుకును గురించిన కోరిక ఇందులో అంతే బలంగా ఉన్నది. వయసు పైబడిన వ్యక్తి తక్కినవన్నీ విడిచిపెట్టి, "స్వామీ, నన్ను తీసుకొనిపో" అన్న ఒక్క భాగాన్నే పట్టుకొన్నప్పుడు ఇంటివారు ఆగి వినవలసి ఉంటుంది.

నేను వృత్తిరీత్యా మనోవైద్యుడను. ముప్పది ఏండ్లకు పైగా ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసి, ఉద్యోగ విరమణానంతరం వారానికి రెండు రోజులు ఈ క్షేత్రంలోని ఉచిత వైద్యశాలలో సేవ చేసుకొంటున్నాను. ఈ మాసం పాఠానికి నేను ఎంచుకొన్న విషయం పెద్దలలో ఆత్మహత్యల నివారణ. దేవస్థానం పత్రికలో ఈ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చును. ఇది ఇక్కడే చెప్పవలసిన విషయమని నా అభిప్రాయం. ఎందుకంటే భక్తి గల కుటుంబాలలో పెద్దల నైరాశ్యం తరచుగా వైరాగ్యపు వస్త్రం కప్పుకొని కూర్చుంటుంది. ఇంటిల్లిపాదీ దానికి నమస్కారం పెట్టి వెళ్లిపోతారు గాని, కొంగు తొలగించి ముఖం చూడరు.

2017-18లో మనదేశంలో వయోధికుల స్థితిగతులపై 'లాసీ' అనే పేరుతో ఒక పెద్ద జాతీయ అధ్యయనం జరిగినది. 60 సంవత్సరాలు దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చునని, అంటే మేము డిప్రెషన్ అని పిలిచే జబ్బు ఉండవచ్చునని, అందులో తేలినది. అదే అధ్యయనంలో, తమకు ఆ జబ్బు ఉన్నదని నిర్ధారణ అయినట్లు చెప్పినవారు 0.8 శాతం. అంటే పదిమందిలో తొమ్మిదిమంది జబ్బు ఎవరి కంటికీ ఆనలేదు. వారందరూ ప్రాణాపాయంలో ఉన్నారని దీని అర్థం కాదు. అయితే వృద్ధాప్యంలో బలవన్మరణం పాలైనవారిని గురించి పలు దేశాలలో జరిగిన పరిశోధనలలో ఎక్కువమందికి ఈ కుంగుబాటే ఉన్నట్లు కనబడినది. వారిలో చాలామంది కడపటి నెలలో ఏదో ఒక వైద్యుని వద్దకు వెళ్లినవారే. మోకాళ్ల నొప్పి అనో, మలబద్ధకం అనో, తల తిరుగుతున్నదనో చెప్పి మందు చీటీ రాయించుకొని వచ్చినవారే.

ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. యువకులలో ఇటువంటి ప్రయత్నాలు చేసినవారిలో అధికులు బ్రతికి బయటపడతారు. వృద్ధులలో అలా బయటపడేవారు తక్కువ. శరీరం బలహీనం, ఇంట్లో ఒంటరితనం, నిర్ణయంలో దృఢత్వం ఇందుకు కారణాలు. కనుక పెద్దల విషయంలో రెండవ అవకాశం వస్తుందిలే అని కూర్చోవడానికి లేదు. ముందు కనబడే గుర్తులను పట్టుకోవడమే మార్గం. మన ఇండ్లలో ఆ గుర్తులు పుణ్యకార్యాల రూపంలో కనబడతాయి. అందువల్ల కొంత వివరంగా చెబుతాను.

మొదటిది నిద్ర. కుంగుబాటు ఉన్న వృద్ధునికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టదు. రోజు మొత్తంలో మనసు అత్యంత భారంగా ఉండేది కూడా అప్పుడే. ఆయన లేచి పడక కుర్చీలో కూర్చుంటారు. కోడలు చూచి, బ్రాహ్మీముహూర్తంలో లేచి ధ్యానం చేసుకొంటున్నారని సంతోషిస్తుంది. నిజంగా ధ్యానానికి లేచినవాడు రాత్రి పెందలకడనే పడుకొంటాడు, లేచిన తరువాత తేటగా ఉంటాడు. నిద్ర చెడినవాని ముఖం ఎనిమిదింటికి కాఫీ త్రాగేవేళకు కూడా వాడిపోయి ఉంటుంది.

రెండవది ఆహారం. ఏకాదశి ఉపవాసానికి ద్వాదశి పారణ అని ఒక ముగింపు ఉన్నది. ఉపవాసం ఉన్నవానికి పారణ నాటి పప్పూ, కూరా రుచిస్తాయి. ఆకలి చచ్చిపోయినవాడు ఏకాదశినాడూ తినడు, ద్వాదశినాడూ తినడు. నెలకు రెండు ఏకాదశులు కాస్తా నాలుగయి, శనివారాలు తోడయి, రాత్రి భోజనం పూర్తిగా మానివేసి, చొక్కా భుజాలమీద వ్రేలాడుతున్నప్పుడు, "నాన్నగారు నియమంగా ఉంటున్నారు" అని చెప్పుకోవడం మాని తూకం చూడవలసినది.

మూడవది మౌనం. నాలుగవది దానం. ఈ నాలుగవదాని గురించి దాతలు, దేవస్థాన సిబ్బంది ఇద్దరూ ఆలోచించాలని నా మనవి. ఉన్నదంతా పంచిపెట్టడం, ఖాతాలు మూసివేయడం, ప్రియమైన వస్తువులను ఎవరికో ఇచ్చివేయడం, కాగితాలన్నీ సర్దిపెట్టి తాళంచెవులు అప్పగించడం ప్రపంచమంతటా వైద్యులు జాగ్రత్తగా గమనించే గుర్తులు. అయితే దేవాలయంలో దానం నిత్యకృత్యం. వయసు మీరినవాడు వీలునామా రాయడం వివేకం. ప్రతి దాతనూ శంకించమని నేను ఎంతమాత్రం అనను. శాశ్వత అన్నదానానికి సొమ్ము కట్టే పెద్దాయన సాధారణంగా తేదీ విషయంలో పట్టుదలగా ఉంటాడు. మా నాన్నగారి తిథి అంటాడు, పెళ్లిరోజు అంటాడు, ఆరోజుకు గది దొరుకుతుందా అని అడుగుతాడు, రసీదులో ఇంటిపేరు తప్పుపడితే దిద్దించుకొంటాడు. అది బ్రతుకు మీద ప్రీతి. ఒంటరిగా వచ్చి, ఉన్నదంతా ఒక్కసారి కట్టి, తేదీ ఏదైనా ఫరవాలేదని, ప్రసాదం ఎవరికైనా ఇవ్వమని, ఇకమీద ఉత్తరాలు పంపవద్దని చెప్పి వెళ్లబోయే మనిషి వేరు. ఆయనను కౌంటరులోని ఉద్యోగి, "కూర్చోండి పెద్దాయనా, కాస్త మజ్జిగ పుచ్చుకోండి, ఏ ఊరు మీది, వెంట ఎవరు వచ్చారు" అని అడిగితే దేవస్థానానికి పోయేదేమీ లేదు.

గుర్తింపునకు వీలులేకుండా వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, డెబ్బది దాటినవారు, బరువు తగ్గుతున్నారని చూపించడానికి అన్నకుమార్తె వెంట మా వైద్యశాలకు వచ్చారు. భార్య పోయి ఎనిమిది నెలలు. "బాబాయిగారు పూర్తిగా దైవచింతనలో పడిపోయారండీ, ఎవరితోనూ మాట్లాడరు, ఎప్పుడూ చేతిలో జపమాలే" అని ఆమె కొంత గర్వంతోనే చెప్పినది. ఆమెను బయట కూర్చోమని, నేను ఆయనను జపం ఎలా సాగుతున్నదని అడిగాను. చాలాసేపు చూచి, "మాల తిరుగుతున్నది డాక్టరుగారూ, నామం రావడం లేదు" అన్నారు. నా వృత్తిజీవితంలో కుంగుబాటును ఇంతకంటె సూటిగా వర్ణించిన వాక్యాన్ని ఏ గ్రంథంలోనూ నేను చదవలేదు. తరువాతి ప్రశ్నకు ఆయన నిజమే చెప్పారు. చనిపోవాలని అనుకొంటున్నారు. రోజు కూడా నిశ్చయించుకొన్నారు. ఆ సాయంత్రమే ఇంటివారితో మాట్లాడి, ఒంటరిగా ఉంచకుండా చూచి, చికిత్స ఆరంభించాము. ఆరు వారాలకు నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి. నామం ఎప్పుడు తిరిగి వచ్చినదో నేను అడగలేదు, అది వైద్యుడు అడగవలసిన ప్రశ్న కాదు.

దీనినిబట్టి వైరాగ్యానికీ విషాదానికీ భేదం గ్రహించవచ్చును. విరాగికి లోకం మీద ఆసక్తి తగ్గుతుంది, భగవంతుని మీద పెరుగుతుంది. కుంగినవానికి రెండూ ఒకేసారి పోతాయి. విరాగి ఎదుటివారి కష్టానికి కరుగుతాడు, పిల్లలతో నవ్వుతాడు, పెట్టినది తింటాడు. కుంగినవాడు తనను భారమనుకొంటాడు. "నేను పోతే మీరందరూ సుఖపడతారు" అన్న మాట వైరాగ్యం నోటివెంట రాదు. అది జబ్బు పలికించే మాట. కాశీవాసానికి వెళ్లేవారు కూడా అక్కడ ఆయువు ఉన్నంతకాలం బ్రతకడానికే వెళతారు.

కిష్కింధాకాండలోని సంపాతి వృత్తాంతాన్ని పెద్దల బాధ విషయంలో ఒక పాఠ్యగ్రంథంలాగా చదవవచ్చునని నాకు ఎప్పుడూ తోస్తుంది. సీతాన్వేషణకు సుగ్రీవుడు ఇచ్చిన గడువు దాటిపోయినది. అంగదాదులు దిగులుతో సముద్రతీరాన ప్రాయోపవేశానికి కూర్చున్నారు. అప్పుడు వింధ్యపర్వత గుహనుండి రెక్కలు లేని ముసలి గ్రద్ద ఒకటి బయటకు వచ్చినది. జటాయువు పేరు వినబడగానే తమ్ముని కొరకు తల్లడిల్లి, తనను కొండమీదనుండి దింపమని కోరినది. అంగదుడు దింపాడు. ఆ వృద్ధుడు తన కథ చెప్పాడు. వయసులో ఉండగా అన్నదమ్ములిద్దరూ సూర్యమండలం వైపు ఎగిరారు. తమ్ముడు వేడికి సొమ్మసిల్లుతుంటే తన రెక్కలు కప్పి కాపాడాడు. ఆ రెక్కలే కాలిపోయాయి. కొండమీద పడి, కొన్ని రోజులు స్పృహలేక, తేరుకొని, నిశాకరుడనే మహర్షి ఆశ్రమం దగ్గరకు ప్రాకివెళ్లాడు.

ఇక్కడ ఆ ఋషి చేసినది చూడండి. స్నానం చేసి వస్తూ సంపాతిని చూచి, లోపలికి వెళ్లి, ముహూర్తకాలంలో తిరిగి తానే వెలుపలికి వచ్చాడు. నీవు నాకు తెలిసినవాడవే గాని గుర్తుపట్టలేనట్లయినావని చెప్పాడు. తరువాత ప్రశ్నలు వేశాడు. ఇది ఏదైనా జబ్బా? రెక్కలు ఎలా పోయాయి? ఎవరైనా నిన్ను ఇలా శిక్షించారా? అంతా చెప్పుమన్నాడు. మా విద్యార్థులకు నేను ఇంతకంటె మంచి ప్రశ్నావళి ఇవ్వలేను. వృద్ధుని బాధకు మూలాలు మూడు వైపుల ఉంటాయి. ఒకటి వ్యాధి, రెండవది కోల్పోయినది, మూడవది ఇతరులు పెట్టే హింస. ఋషి మూడింటినీ అడిగాడు, ఉపదేశం తరువాతకు ఉంచాడు.

సంపాతి దాచలేదు. రాజ్యం పోయినది, తమ్ముడు దూరమయ్యాడు, రెక్కలు పోయాయి, పరాక్రమం పోయినది, చావాలనే ఉన్నదని చెప్పాడు. "పాపం, శమించుగాక" అని ఋషి చెవులు మూసుకోలేదు. ధ్యానించి, రెక్కలు మళ్లీ వస్తాయని, అంతకుముందు నీవల్ల కావలసిన పని ఒకటి ఉన్నదని చెప్పాడు. ఈరోజే నీకు రెక్కలు ఇవ్వగలను గాని, ఇక్కడ ఉండి నీవు లోకానికి మేలు చేయవలసి ఉన్నదని కూడా అన్నాడు. ఆ తరువాత ఋషి స్వర్గస్థుడయ్యాడు. సంపాతి ఏండ్ల తరబడి ఆ కొండమీదనే ఉన్నాడు. చావాలన్న తలపు ఆ తరువాత కూడా వచ్చేదని, వచ్చినప్పుడల్లా ఆ ముని మాటతో దానిని మరల్చుకొనేవాడినని తానే వానరులకు చెప్పుకొన్నాడు. వాల్మీకి ఎంత యథార్థంగా రాశాడో చూడండి. ఒకసారి ఓదార్చితే తలపు శాశ్వతంగా పోదు. మా రోగులలోనూ అంతే, అది అలలాగా వస్తుంది, కొంతసేపు ఉండి తగ్గుతుంది. ఆ కొంతసేపు గడవడానికి పట్టుకొనేందుకు ఒక మాట, ఒక మనిషి కావాలి.

సంపాతికి కుమారుడు కూడా ఉన్నాడు, పేరు సుపార్శ్వుడు. వేళకు ఆహారం తెచ్చిపెట్టేవాడు. ఒకనాడు ఆలస్యమై, వట్టి చేతులతో వచ్చాడు. ఆకలిమీద ఉన్న తండ్రి కోపగించి మాటలన్నాడు. కొడుకు సమాధానపరచి, ఆలస్యానికి కారణం చెప్పాడు. ఒకడు ఒక స్త్రీని ఎత్తుకొనిపోతుండగా చూచానన్నాడు. వృద్ధుల చిరాకుతో విసిగిపోయిన కుమారులకు, కోడళ్లకు నేను ఈ ఘట్టాన్ని గుర్తుచేస్తుంటాను. పరాధీనమైన ఆకలి కోపంగా బయటపడుతుంది. సుపార్శ్వుడు అన్నం పెట్టి ఊరుకోక, తాను చూచిన లోకాన్ని తండ్రికి తెచ్చి చెప్పాడు. కదలలేని తండ్రికి లోకంతో ఉన్న సంబంధం అదే.

చివరకు లంకలో సీత ఉన్న చోటును తన దూరదృష్టితో చూచి చెప్పినవాడు ఆ రెక్కలులేని వృద్ధుడే. వానరులు ప్రాయోపవేశం మానారు. ఆయనకు రెక్కలు మొలిచాయి. ఋషి ఆయనకు ఇచ్చినది వేడుక చూచే పాత్ర కాదు, చేయవలసిన పని. మనం "మనుమరాలి పెళ్లి చూడవద్దా నాన్నా" అంటాము. పెళ్లి చూడడానికి కుర్చీలో కూర్చున్నవాడు చాలు. ఏ బంధువు ఏ ఊళ్లో ఉన్నాడో, ఎవరికి మొదటి శుభలేఖ ఇవ్వకపోతే మాటవస్తుందో ఆయనకే గుర్తున్నది. ఆ జాబితా రాసిపెట్టమనండి.

ఇక మనం చెప్పే మాటల సంగతి. పెద్దవారి నోట చావు మాట రాగానే, "శుభమా అని ఇంట్లో ఆ మాటలేమిటి" అని కసరడం, "మీకేం తక్కువయినది" అని తర్కించడం మనకు అలవాటు. పురాణకాలక్షేపం విన్నవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆత్మహత్య మహాపాతకమని, గతులు ఉండవని భయపెడతారు. నా అనుభవంలో ఆ భయం తలపును ఆపిన సందర్భాలకంటె, తలపును దాచిపెట్టించిన సందర్భాలే ఎక్కువ. ఇప్పటికే తనను పాపి అనుకొంటున్నవానికి ఇంకొక పాపం తగిలించడం వైద్యం కాదు. ఈశావాస్యోపనిషత్తు మూడవ మంత్రంలోని ఆత్మహననం మాటను ఈ సందర్భంలో ఉదాహరించేవారు ఉన్నారు. శంకర భగవత్పాదుల భాష్యం ప్రకారం అక్కడ ఉద్దేశింపబడినవారు ఆత్మస్వరూపం తెలియని అజ్ఞానులు. అది మనలో చాలామందిమి.

అడగవలసిన విధానం వేరు. ఇద్దరే ఉన్నప్పుడు, టీవీ ఆపి, పక్కన కూర్చొని అడగాలి. "ఈమధ్య బ్రతుకు బరువుగా ఉన్నదా అమ్మా?" అని మొదలుపెట్టి, "ఎందుకు బ్రతికి ఉన్నానా అనిపిస్తున్నదా?" అని, చివరకు, "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఏమైనా వస్తున్నదా?" అని స్పష్టంగానే అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినవారమవుతామని అందరూ జంకుతారు. పరిశోధనలు ఈ భయం నిరాధారమని తేల్చాయి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు, చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే కంగారుపడి ఊరంతా పిలవవద్దు, వాదించవద్దు. "చెప్పి మంచిపని చేశారు, నేను ఇక్కడే ఉంటాను, రేపు ఇద్దరం డాక్టరు దగ్గరకు వెళదాము" అంటే ఆ పూటకు చాలు. ఆలోచనకు తోడు రోజూ, పద్ధతీ కూడా నిశ్చయించుకొన్నట్లు తెలిస్తే మాత్రం రేపటి వరకు ఆగకూడదు.

డాక్టరు వద్ద ఏమి జరుగుతుందో కూడా క్లుప్తంగా చెబుతాను. కుంగుబాటులాగా కనబడేదానికి ఒక్కొక్కసారి థైరాయిడ్ లోపమో, బి12 విటమిన్ లోపమో, వేరే జబ్బుకు వాడుతున్న మందో కారణమవుతుంది. రక్తపరీక్షతో కొంత తెలుస్తుంది. మతిమరుపు వచ్చినదనుకొన్నది కుంగుబాటే అయి, చికిత్సతో మెరుగుపడిన సందర్భాలూ ఉన్నాయి. కుంగుబాటుకు ఇచ్చే మందులు నిద్రమాత్రలు కావు, వెంటనే గుణం చూపవు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, వృద్ధులలో ఇంకా ఎక్కువే పట్టవచ్చును. గుణం కనబడగానే తమంతట తాము ఆపివేయరాదు. వినికిడి తగ్గిన పెద్దవారికి వినికిడి యంత్రం అమర్చితే కుటుంబంలో సగం మౌనం తొలగడం నేను చూచాను. కళ్లజోడుకు లేని నామోషీ చెవి యంత్రానికి ఎందుకో నాకు నేటికీ అర్థం కాదు.

పిల్లలు దూరదేశాలలో ఉన్నవారు ఈ పత్రిక చదివేవారిలో ఎందరో ఉన్నారు. వారి కొరకు ఇటలీలో జరిగిన ఒక ప్రయత్నాన్ని పేర్కొంటాను. ఆ దేశపు ఉత్తరభాగంలోని వెనెటో ప్రాంతంలో, ఇండ్లలో నివసించే వృద్ధులకు ఒక టెలిఫోను సేవ ఏర్పాటు చేశారు. ఆపద కలిగితే మీటనొక్కి పిలిచే పరికరం ఒకటి ఇచ్చారు. దానికి తోడు, శిక్షణ పొందినవారు వారానికి సుమారు రెండుసార్లు తామే ఫోనుచేసి క్షేమం కనుక్కొనేవారు. 1988 మొదలు 1998 వరకు ఆ సేవ పొందిన 18,641 మందిని డియెగో డి లియో అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. వారి సగటు వయసు సుమారు 80. ఆ ప్రాంతపు లెక్కల ప్రకారం అంతమందిలో 21 వరకు ఆత్మహత్యలు జరుగుతాయని అంచనా. జరిగినవి 6.

వారానికి రెండు ఫోనుపిలుపులు చేసిన మేలు ఇది. అయితే ఆ మేలు స్త్రీలలో స్పష్టంగా కనబడినంతగా పురుషులలో కనబడలేదు. మన ఇండ్లలోనూ ఇది ఊహించదగినదే. అమ్మ ఫోనులో అరగంట మాట్లాడుతుంది, నాన్న "ఆఁ, బాగానే ఉన్నాను, అమ్మకిస్తాను" అంటాడు. ఆ అమ్మ పోయిన తరువాత ఫోను ఇవ్వడానికి ఎవరూ ఉండరు. భార్యను కోల్పోయిన వృద్ధుని విషయంలో మొదటి సంవత్సరం విశేషంగా జాగ్రత్తపడవలసినది. సంవత్సరీకాల వరకు మాసికాలకు బంధువులు వస్తూపోతూ ఉంటారు. ఆ నడుమ దినాలు ఆయన ఒక్కడివే. కుమారుడు ఏ దేశంలో ఉన్నా నిర్ణీత దినాలలో, నిర్ణీత వేళకు పిలవాలి. మనుమడు తెరమీద చేయి ఊపి పరుగెత్తే అరనిమిషం లెక్కకు రాదు. ఫోను తీయకపోతే వెళ్లి తలుపు తట్టడానికి పక్కింటిలో ఒకరిని, వారివద్ద మారు తాళంచెవిని ఉంచాలి. నిద్ర ఎన్ని గంటలకు పట్టినదో, రాత్రి ఏమి తిన్నారో అడగాలి. ఆ తరువాత ఆయనకు తెలిసినది ఒకటి, మీకు తెలియనిది, అడగాలి.

గ్రామాలనుండి వచ్చే భక్తులకు మరొక మాట. పొలానికి వాడే పురుగుమందు ఇంట్లో ఉంచరాదు. ఉంచక తప్పకపోతే తాళం పెట్టి, తాళంచెవి పడుచువారి వద్ద ఉంచాలి. నెలల తరబడి మిగిలిపోయిన మాత్రలను కూడా ఇంట్లో కూడబెట్టరాదు. చావాలనుకొన్నవాడు ఎలాగైనా చస్తాడన్నది పొరపాటు అభిప్రాయం. శ్రీలంక 1995 నుండి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించగా, 2015 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 70 శాతం తగ్గినది. అల వచ్చిన ఆ కొంతసేపు చేతికి ఏదీ అందకపోతే అనేకులు బ్రతుకుతారు.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో వైద్యశాలకు తీసుకొనిరాని కుటుంబాలు నేటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అటువంటి ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించరాదు. వానికి సంరక్షణ, చికిత్స కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, పూర్వం ప్రయత్నాన్నే నేరంగా పరిగణించిన పాత సెక్షను లేదు. పిల్లలు చూడకపోవడమే బాధకు మూలమైతే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం క్రింద రెవిన్యూ డివిజను స్థాయి ట్రైబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చును. ఇల్లు, పొలం బిడ్డల పేర రాసేవారు, తమను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోవాలి. షరతు తప్పితే ఆ బదిలీని రద్దుచేయించుకొనే వీలు ఆ చట్టంలో ఉన్నది. ప్రేమగల ఇంట్లో ఈ షరతు ఎవరినీ నొప్పించదు.

సహాయానికి ఫోను చేయదలచినవారు టెలిమానస్ నంబరు 14416కు చేయవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చును. బాధపడుతున్న పెద్దవారే కాక, వారిని గురించి దిగులుపడుతున్న కూతురో, పొరుగువారో కూడా చేయవచ్చును. పోషణ, వేధింపు, వృద్ధాశ్రమం మొదలైన విషయాలకు వయోవృద్ధుల సహాయవాణి 14567 ఉన్నది, అది ఉదయం ఎనిమిది నుండి రాత్రి ఎనిమిది వరకు పనిచేస్తుంది. ప్రాణాపాయం దగ్గరలో ఉన్నదనిపిస్తే మనిషిని ఒంటరిగా విడువక, ఒకరు పక్కన ఉండి, ఇంకొకరు 108కి చేయాలి.

మా ఉచిత వైద్యశాలలో మంగళ, శుక్రవారాలలో ఉదయం నేను ఉంటాను. వినికిడి తగ్గినవారితో గట్టిగా మాట్లాడినా బయటకు వినబడకుండా తలుపు వేసుకొనే గది ఉన్నది. జబ్బు పేరు బయట వరుసలో చెప్పనక్కరలేదు. చీటీ మీద "నిద్ర పట్టడం లేదు" అని రాయించుకొంటే చాలును.